అబ్బా స్టాంపులకు నల్ల పేజీలు

ఖమ్మం
12 మార్చి 2006

జహీరా ఆపాకు,

సలాం. అబ్బా పోయిన నలభయ్యో రోజు ఫాతెహా నాడు అందరి ముందూ "ఇక నీతో మాట్లాడితే ఒట్టు" అన్నావు. అందుకే ఫోన్ చేయడం లేదు. రాయొద్దని మాత్రం అనలేదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ క్షేమం. అక్కడి క్షేమం నువ్వు రాయవు, నేను అడగను.

విషయం స్టాంపులు. అబ్బా చివరి రెండేళ్ళు భద్రాచలంలో నీ దగ్గర ఉన్నాడు గనక ఆయన ట్రంకుపెట్టె కూడా నీ దగ్గరే ఉండిపోయింది. అందులోని స్టాంపులు నోటితో నీకే ఇచ్చాడని నువ్వంటావు. ఎవరు విన్నారని నేనడిగాను. ఆ గొడవ మళ్ళీ తవ్వను. అవి ఎవరివైనా సరే, ఉన్న తీరు మాత్రం చూడలేకుండా ఉంది. పాత క్యాలెండర్ కాగితాలు మడిచి, మైదా జిగురుతో అంటించి అబ్బా చేసుకున్న ఆ అరల్లోనే ఇంకా ఉన్నాయి. ఫాతెహా రోజు తీసి చూస్తే పురుగులు బిలబిలా పరుగెత్తాయి. అవి వచ్చేది మైదా కోసమే, కానీ దారిలో ఉన్నదంతా కొరుకుతాయి. నిజాం కాలం నాటి ఒక స్టాంపుకు అంచు పళ్ళు అప్పుడే పోయాయి.

వాటిని మంచి స్టాక్ పేజీల్లోకి మార్చు. స్టాక్ పేజీ అంటే ఫోటో ఆల్బమ్ కాదు. నల్లటి గట్టి అట్ట మీద అడ్డంగా పలుచని, లోపలిది కనబడే పట్టీలుంటాయి. చిమటాతో, అంటే సన్నని పట్కారుతో, పట్టుకుని స్టాంపును పట్టీ వెనక్కి జార్చాలి, అంతే. జిగురు ఉండదు. కొనేముందు తడి దూదితో అట్టను రుద్ది చూడు. దూది నల్లబడితే ఆ పేజీని దుకాణంవాడి ముఖానే కొట్టు, ఎందుకంటే ఆ నలుపు రేపు స్టాంపుకు ఎక్కుతుంది. పట్టీ మరీ వదులుగా ఉంటే స్టాంపు జారిపోతుంది, మరీ బిగువైతే మూల మడత పడుతుంది.

వానలు మొదలయ్యేలోగా ఈ పని చేయి. గోదావరి ఒడ్డున గాలి కూడా తడిగానే ఉంటుంది. నీకు చేతకాకపోతే చెప్పు, నేనే వచ్చి తీసుకుపోతాను. అబ్బా వస్తువు పురుగులపాలవుతుంటే చూస్తూ కూర్చోలేను.

మక్సూద్


భద్రాచలం
20 మార్చి 2006

మక్సూద్‌కు,

నీ ఉత్తరాన్ని దుకాణంలో గిరాకీల ముందు విప్పాను, అదే నా పొరపాటు. చదువుతుంటే నా ముఖం ఎట్లా మారిందో ఏమో, కుల సర్టిఫికెట్ లామినేషన్‌కు తెచ్చిన నాగక్క అనే ఆమె "ఏందక్కా, ఎవరన్న సచ్చిపోయిండ్రా?" అని అడిగింది. "లేదు, మా తమ్ముడు మంచిగనే ఉన్నడు" అన్నాను.

చేతకాకపోతే చెప్పు అంటావా? ఐటీడీఏ ఆఫీసు ఎదురుగా ఇన్నేళ్ళుగా లామినేషన్ మిషన్ నడుపుతున్నదాన్ని. ఈ ఏజెన్సీ ఊళ్ళలోని సర్టిఫికెట్లలో సగం నా చేతుల మీదుగా ప్లాస్టిక్ తొడుక్కున్నవే. మిర్చి యార్డులో చీటీలు రాసే నువ్వు నాకు కాగితం కాపాడటం నేర్పుతావా? అబ్బా మంచం మీద ఉన్నప్పుడు మూత్రం గిన్నె పట్టినవీ ఈ చేతకాని చేతులే. అప్పుడు నువ్వు నెలకోసారి వచ్చి, ద్రాక్షపళ్ళు పెట్టి, చివరి బస్సు పోతుందని పరుగెత్తేవాడివి.

ఆ క్యాలెండర్ కాగితాలను నువ్వు ఎగతాళి చేస్తే నాకు ఒళ్ళు మండింది. ములకలపల్లి బీడీ ఆకు కల్లంలో లెక్కలు రాసే మున్షీగా ఉన్నప్పుడు అబ్బా, కంపెనీల నుంచి వచ్చిన కవర్లన్నీ పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టి, ఒక్కొక్క స్టాంపు ఊడదీసి, ఆరబెట్టి, ఒక్కొక్క అర కింద పెన్సిల్‌తో ఊరి పేరు ఉర్దూలో రాసుకున్నాడు. గోండియా, జబల్‌పూర్, కొలంబో. నీకు పురుగులు కనబడ్డాయి, ఆ రాత కనబడలేదు. ఖమ్మం ఇల్లు నీకు రాసిచ్చాడు, నేను నోరెత్తలేదు. నాకు మిగిలింది ఈ పెట్టె ఒక్కటే, దాని మీద కూడా నీ కన్ను పడింది.

అయినా పురుగుల పేరు చెప్పి పెట్టె ఎత్తుకుపోతావని నిన్ననే అన్నీ మార్చేశాను. మా దుకాణంలోకెల్లా ఖరీదైన ఆల్బమ్ తీశాను. అరలు మెత్తగా, అద్దంలా ఉన్నాయి. విప్పితే ఇల్లంతా కొత్త ప్లాస్టిక్ వాసన. క్యాలెండర్ కాగితాలు పారేయలేదు, ఖాళీగా పెట్టెలో ఉన్నాయి. ఇక తృప్తేనా?

జహీరా


ఖమ్మం
29 మార్చి 2006

ఆపా,

వాసన అని రాశావు చూడు, అది ఎట్లాంటి ప్లాస్టికో అక్కడే తెలిసిపోయింది. ఈ ఉత్తరం చదవడం అయ్యాక కాదు, ఇప్పుడే లేచి వాటిని బయటికి తియ్యి.

వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ అన్నిటికన్నా చెడ్డది. ఎండలు ముదిరితే అది జిడ్డు కక్కుతుంది, ఆ జిడ్డు స్టాంపును పట్టుకుని వదలదు. మా యార్డులో వెంకటనారాయణ గారు ఇట్లాంటి ఆల్బమ్‌లోనే పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు తీయబోతే నెమలి బొమ్మ ప్లాస్టిక్ మీద ఉండిపోయింది, చేతికి తెల్ల కాగితం వచ్చింది. ఆయన ఆ రోజు భోజనం చేయలేదు. పురుగు కొరికితే మూల పోతుంది, ప్లాస్టిక్ పట్టుకుంటే మొత్తం పోతుంది. నీ ఆల్బమ్ కంటే అబ్బా మైదా జిగురే నయం.

నీ చేత కొనిపించాలనుకోవడం నాదే తప్పు. హైదరాబాద్ నుంచి మంచి పేజీలు తెప్పించాను. రేపు పొద్దుటి భద్రాచలం బస్సులో కండక్టర్ చేతికిస్తున్నాను, బస్టాండులో తీసుకో. చిమటా కూడా పెట్టాను. వేళ్ళతో ముట్టుకోకు, నీ వేళ్ళకు మిషన్ జిడ్డు ఉంటుంది. నిజాం స్టాంపులు ఒక వరసలో, బీడీ కంపెనీల కవర్లవి ఒక వరసలో పెట్టు. సర్దడం అయ్యాక నేనొచ్చి చూస్తాను. వాటిని హైదరాబాద్ తీసుకుపోయే పని ఉంది.

ద్రాక్షపళ్ళ మాట గుర్తు పెట్టుకుంటాను.

మక్సూద్


భద్రాచలం
10 ఏప్రిల్ 2006

మక్సూద్‌కు,

స్టాంపులు ఆల్బమ్‌లోంచి తీసేశాను. ఏదీ అంటుకోలేదు, అల్లా దయ. అబ్బా కాగితాలను ఎండలో వేసి, దులిపి, మళ్ళీ వాటిలోనే పెట్టాను.

నీ పేజీలు అందాయి. ఉన్నమాట చెప్పాలంటే బాగున్నాయి. తడి దూదితో రుద్దాను, తెల్లగానే వచ్చింది. కొలంబో స్టాంపు ఒకటి జార్చి చూస్తే ఆ నలుపు మీద కొత్తగా కనబడింది. నీ ఉత్తరంలో చివర ఆ ఒక్క మాట లేకుంటే ఈపాటికి అన్నీ వాటిలో ఉండేవి.

హైదరాబాద్‌లో ఏం పని? నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసింది. మన మేనత్త మహీన్ ఫుప్పు మొన్న ఖమ్మం నుంచి వచ్చింది. సూటు వేసుకున్న హైదరాబాద్ పెద్దమనిషి ఎవరో మీ ఇంటికొచ్చాడట, అబ్బా స్టాంపుల గురించి గంటసేపు మాట్లాడుకున్నారట, నీ భార్య ఆయనకు బిర్యానీ వండిందట. ఊరికే ఎవరూ బిర్యానీ వండరు. ఎద్దును సంతకు తోలేముందు కొమ్ములకు రంగు వేస్తారు కదా, నీ నల్ల పేజీలు కూడా అందుకే. నా చేతనే ముస్తాబు చేయించి నువ్వు బేరం పెట్టాలని చూశావు.

పేజీలు, చిమటా అదే బస్సులో తిప్పి పంపుతున్నాను. నీ సరుకు నీకు చేరింది, నా పెట్టె జోలికి రాకు.

జహీరా


ఖమ్మం
2 మే 2006

ఆపాకు,

పేజీలు చేరాయి. కండక్టర్ వాటిని విప్పపువ్వు బస్తా కింద పెట్టాడు. సగం వంగిపోయాయి, అన్నిటికీ సారా బట్టీ వాసన పట్టింది.

నేను అబ్బా స్టాంపులు అమ్ముకుంటానని రాశావు. ఆ వాక్యం చదివాక నీకు ఏ సంజాయిషీ ఇవ్వబుద్ధి కాలేదు. మహీన్ ఫుప్పు గోడకు చెవి పెట్టి సగం విని మిగతా సగం కల్పిస్తుందని చిన్నప్పటి నుంచి మనిద్దరికీ తెలుసు. ఆమె మాట నీకు వేదమైంది, తమ్ముడు దొంగైపోయాడు.

మీ ఆయన, యాకూబ్ దుల్హాభాయ్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన మర్యాద తెలిసిన మనిషి. వచ్చి పెట్టె తీసుకుపొమ్మన్నారు. యార్డులో సెలవు దొరికేది ఆగస్టులోనే, పదిన వస్తున్నాను.

మక్సూద్


భద్రాచలం
19 మే 2006

మక్సూద్‌కు,

నా తండ్రి నాకిచ్చిన వస్తువు గురించి నా మొగుడితో బేరమాడతావా? ఈ పని శత్రువు కూడా చేయడు.

మా ఆయన్ని నిలదీశాను. అన్నం ముందు కూర్చుని నేల చూపులు చూస్తూ "వాడు ఏడ్సినంత పన్జేసిండు, నేనేం జెయ్యాలె? ఆ పాత కాయితాలకోసం మీరిద్దరు గిట్ల కొట్టుకునుడేంది?" అన్నాడు. ఆయనకు అవి పాత కాగితాలే. ఆయన తప్పు లేదు, ఆయన తండ్రివి కావు కదా. మేము వారం రోజులుగా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. అది కూడా నీ పుణ్యమే.

అబ్బా చివర్లో చూపు ఆనక, నా చేత ఒక్కొక్క కాగితం తెప్పించుకుని అరల మీద వేలు పెట్టి ఊళ్ళ పేర్లు తనే చెప్పేవాడు. తప్పు చెప్పిన రోజు లేదు. ఆ కాగితాలు ఇప్పటికీ అప్పుడప్పుడు నేనూ అట్లాగే తడుముతాను. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను, రాసేశాను.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. అవి హైదరాబాద్‌కు ఎందుకు కావాలి? ఒక్క వాక్యం రాయి. నిజమైతే నాకు తెలుస్తుంది. ఆ వాక్యం నచ్చితే నేనే ఆలోచిస్తాను. లెక్చర్లు వద్దు.

జహీరా


ఖమ్మం
5 జులై 2006

ఆపాకు,

వానలు పట్టుకున్నాయి. ఇక్కడే గోడలు చెమరుస్తున్నాయి, నీ దగ్గర ఎట్లా ఉందో ఊహించగలను. పెట్టెను గోడకు ఆనించి పెట్టకు. నేల మీద అసలే వద్దు. తడి గాలికి స్టాంపు వెనక పాత జిగురు మళ్ళీ మెత్తబడి కాగితానికి పట్టుకుంటుంది, అప్పుడు లాగితే చిరుగుతుంది.

వంగిన పేజీల బదులు కొత్తవి తెప్పించాను. ఈసారి పట్టీలు ఇంకా మంచివి, నిజాం స్టాంపులకు సరిగ్గా సరిపోయే వెడల్పు. కొన్నాక వారం రోజులు పుస్తకాల కింద అణిచిపెట్టాను, చదునుగా ఉన్నాయి. ఇవి కండక్టర్‌కు ఇవ్వను. నేనే తెచ్చి, నా చేతులతో మార్చి, పెట్టెతో సహా తీసుకుపోతాను.

ఎందుకని అడిగావు. నన్ను దొంగ అన్న మనిషికి నేను జవాబుదారీ కాదు. ఎందుకో తర్వాత నీకే తెలుస్తుంది, అప్పుడు నువ్వే సిగ్గుపడతావు. నువ్వు సిగ్గుపడే రోజు కోసమే చూస్తున్నాను.

ఆగస్టు పదిన, మొదటి బస్సుకు.

మక్సూద్


భద్రాచలం
13 ఆగస్టు 2006

మక్సూద్‌కు,

నువ్వు పదిన రాలేదు, రాలేవని తెలుసు. గోదావరి ఎట్లా వచ్చిందో టీవీలో చూసే ఉంటావు. మూడో హెచ్చరిక దాటాక బస్సులు ఆపేశారు. కింది కాలనీల వాళ్ళంతా పిల్లలతో, కోళ్ళతో బడిలో చేరారు. మా దుకాణం షట్టర్ దించి, మా ఆయన బియ్యం మోయడానికి పోయాడు. నేను రొట్టెలు చేసి పంపాను. ఇప్పుడు నీళ్ళు తీస్తున్నాయి, ఊరంతా బురద కంపు.

స్టాంపుల గురించి నీకిక దిగులు అక్కర్లేదు. అన్నిటినీ లామినేషన్ చేసేశాను. అబ్బా కాగితాలను ఎట్లా ఉన్నవి అట్లాగే, స్టాంపులు అరల్లోనే ఉంచి, పెద్ద సైజు కవర్లో పెట్టి మిషన్‌లోంచి తీశాను. గాలి బుడగ ఒక్కటి లేదు, నా పనితనం నీకు తెలియదు. ఇక పురుగు రాదు, తేమ రాదు, గోదావరి నడినెత్తి దాకా వచ్చినా చుక్క తడవదు.

నీ నల్ల పేజీలు నువ్వే ఉంచుకో.

జహీరా


ఖమ్మం
22 ఆగస్టు 2006

జహీరాకు,

ఈసారి ఆపా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

బస్సులు మళ్ళీ తిరిగేసరికి నా సెలవు అయిపోయింది, నీ ఉత్తరం యార్డులోనే చదివాను. తూకం దగ్గరే కూలబడితే వెంకటనారాయణ గారు నీళ్ళు తాగించి "ఏమైందయ్యా, ఇంట్ల ఎవరికన్న బాగలేదా?" అని అడిగారు. చెప్పాను. ఆయనా నా పక్కనే కూర్చుండిపోయారు.

ఏం చేశావో తెలుసా? స్టాంపుకు వేడి తగిలి, జిగురు ప్లాస్టిక్ అంటుకుంటే అది ఇక స్టాంపు కాదు, రంగు కాగితం. వెనక్కి తీసే దారి ప్రపంచంలో ఎక్కడా లేదు. వాటిని ఇప్పుడు ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు. దుకాణంలో కూర్చుని రేషన్ కార్డులకు ప్లాస్టిక్ తొడిగేదానికి ఇంతకన్నా ఏం తెలుస్తుంది? తెలియని పని ఎందుకు చేశావు?

ఎందుకు కావాలన్నావు కదా, విను. మా ఇంటికొచ్చిన పెద్దమనిషి కొనడానికి రాలేదు. అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగే స్టాంపుల ప్రదర్శన కమిటీ మనిషి ఆయన. బీడీ ఆకు కల్లానికి వచ్చిన కవర్లతో ఇంత సేకరణ చేసినవారు ఎవరూ లేరని, అబ్బా పేరుతోనే పెడదామని అన్నాడు. కమిటీ ఒప్పుకుంది. ఫ్రేముల మీద అచ్చులో వచ్చేది "మర్హూమ్ షేక్ మదార్ సాహెబ్, బీడీ ఆకు మున్షీ, ములకలపల్లి" అని. బతికినన్నాళ్ళూ కల్లంలో ఆయన్ని చిత్తు కవర్ల మున్షీ అని నవ్వారు. ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు. నిన్ను ఆ హాల్లోకి తీసుకుపోయి, ఆ పేరు ముందు నిలబెట్టి, అప్పుడు అడగాలనుకున్నాను, ఇప్పుడు చెప్పు ఎవరు దొంగో అని.

లామినేషన్ చేసినవి పెట్టుకోరట. ఫోన్ చేసి బతిమాలాను. లిస్టులోంచి పేరు కొట్టేశారు.

అబ్బాను నువ్వు రెండోసారి మట్టి చేశావు. నా గుమ్మం తొక్కకు. నేనూ భద్రాచలం రాను.

మక్సూద్


భద్రాచలం
1 సెప్టెంబరు 2006

మక్సూద్‌కు,

జవాబు రాయొద్దనే అనుకున్నాను. కానీ నువ్వు ఒకటి తప్పుగా అనుకున్నావు, అది అట్లా ఉండిపోవడం నాకిష్టం లేదు.

తెలియక చేశానని తిట్టావు. నాకు తెలియకపోవడమేమిటి? నా మిషన్‌లోకి పోయిన కాగితం తిరిగి రాదని ప్రతి గిరాకీకీ చెప్పేది నేనే. "మంచిగ సూసుకోన్రి, ఒక్కపారి లోపలికి పోతే మళ్ళ రాదు" అని చెప్పాకే చేతిలోకి తీసుకుంటాను.

వరద మా వీధికి రాలేదు. నీళ్ళు పెరిగినన్ని రోజులూ పెట్టె అటక మీద పొడిగా ఉంది, దాని గురించి నేను ఆలోచించను కూడా లేదు. నీళ్ళు తగ్గుతున్నాయని మైకులో చెప్పిన రోజున యాకూబ్ ఇంటికొచ్చి "రేపటిసంది బస్సులు ఇడుస్తరట. మీ తమ్ముడొస్తడు, పెట్టె కిందికి దించు" అన్నాడు. దించాను. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. మిషన్ వేడెక్కేదాకా పక్కనే నిలబడ్డాను. గోదావరికి భయపడి కాదు, నీకు భయపడి చేశాను. ఎవరికీ పనికిరానివైపోతే ఎవరూ పట్టుకుపోరు, అమ్ముకోలేరు, అబ్బా నా ఇంట్లోనే ఉంటాడు అనుకున్నాను. మొదటి కాగితం సగం లోపలికి పోయాక స్విచ్ మీద చెయ్యి పెట్టాను. అయినా ఆపలేదు.

మే నెలలో నేను నిన్ను ఒక్క వాక్యం అడిగాను. నువ్వు పేజీలు చదును చేయడం గురించి రాశావు, పట్టీ వెడల్పు గురించి రాశావు, పెట్టెను గోడకు ఆనించొద్దని రాశావు. అబ్బా పేరు అచ్చులో వస్తుందని రాయడానికి మాత్రం నీకు చెయ్యి రాలేదు. రాసి ఉంటే ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని నేనే మొదటి బస్సెక్కి వచ్చేదాన్ని. నీ పేజీల్లోకి నీ పక్కన కూర్చుని మార్చేదాన్ని. నీకు అబ్బా పేరు కన్నా నా సిగ్గు ముఖ్యమైంది. సిగ్గుపడ్డాను, తీసుకో.

నాకేదో మిగిలిందని అనుకోకు. నిన్న కొలంబో కాగితం తీసి అబ్బా రాత మీద వేలు పెట్టాను. పెన్సిల్ తగల్లేదు, ప్లాస్టిక్ తగిలింది. సన్నగా, చల్లగా, నా దుకాణంలో రోజూ తగిలే ప్లాస్టిక్. ఏడుపొచ్చింది. మా ఆయన చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

నువ్వు రానక్కర్లేదు, నేనూ రాను. నిన్ను క్షమించలేను, నువ్వూ నన్ను క్షమించకు. ఆయన పేరు చూసుకునే ఒక్క అవకాశం వస్తే సగం నువ్వు పోగొట్టావు, సగం నేను పోగొట్టాను. అబ్బా పోయినప్పటి నుంచి పంపకం సరిగ్గా జరగలేదని కొట్టుకున్నాం కదా, ఇది మాత్రం ఇద్దరికీ సమానంగా వచ్చింది.

జహీరా